మానేసిన మందు

“మాత్రలు మింగుతున్నావా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు నాకు.”

గిరిజ చేతిలో అట్లకాడ గాలిలోనే ఆగిపోయింది. పెనం మీద దోసె అంచులు నల్లబడి ముడుచుకుంటున్నాయి. వైశాలి చెయ్యి చాపి స్టవ్ ఆపేసింది. ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను అప్పుడే పెట్టేసింది.

“మింగుతున్నానమ్మా. రోజూ.”

“మరి లెవెల్ పడిపోయిందని వాళ్ళెందుకంటున్నారు? ఇవాళే రమ్మని ఎందుకంటున్నారు?”

“రక్తం మళ్ళీ చూస్తారట. అంతే.”

“అంతేట!” గిరిజ భర్త వైపు తిరిగింది. “విన్నారా? అంతేనట.”

భాస్కరరావు కిటికీ పక్కన కూర్చుని ట్యాబ్‌లో తెలుగు పేపరు చదువుతున్నాడు. కాకినాడ ఆర్టీసీ డిపోలో మేనేజరుగా రిటైరైన మనిషి. ఎవరు ఎంత గట్టిగా అరిచినా ముందు వినడం, ఆ తర్వాత మాట్లాడటం ఆయనకు అలవాటు. ఈసారి విన్నాడు గాని మాట్లాడలేదు.

విశాఖపట్నంలో గిరిజ కిడ్నీ ఒకటి తీసి వైశాలికి పెట్టి ఏడేళ్ళవుతోంది. అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రం ఆ మాత్ర పడాల్సిందే. రక్తంలో అది తగ్గితే ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదనుకుని తిరగబడుతుంది. ఎక్కువైతే ఆ మాత్రే కిడ్నీని పాడుచేస్తుంది. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరికీ ఆకలి లేదు.

“నువ్వు నోట్లో వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను,” అంది గిరిజ. “మింగావో లేదో నాకేం తెలుసు?”

“ఉమ్మేయడానికి నేనేమన్నా చిన్నపిల్లనా?”

“చిన్నప్పుడు ఉమ్మేసేదానివి.”

ఆ మాట తడుముకోకుండా వచ్చింది. కొడుకుగా పెంచిన బిడ్డ తాను కూతురినని చెప్పాక, కిందటి వేసవి అంతా తల్లీకూతుళ్ళకు ఆ ఒక్క అక్షరం దగ్గరే యుద్ధం. ‘ఉమ్మేసేవాడివి’ అనకుండా ఉండటానికి గిరిజ ఎన్ని వాక్యాలు మధ్యలో వదిలేసిందో, ఎన్ని పూటలు మాట్లాడటమే మానేసిందో! ఇప్పుడు పాత రోజుల గురించి చెప్పేటప్పుడు కూడా ఆ అక్షరం దానంతటదే వచ్చేస్తోంది. వైశాలికి ఆ కంగారులోనూ కొంచెం నవ్వొచ్చింది.

“నవ్వకు. ఒళ్ళు మండుతోంది నాకు.”

“నవ్వట్లేదమ్మా. బస్సుకి టైమవుతోంది.”

“స్వెటర్ అదేనా వేసుకుంటావ్?” అంటూనే గిరిజ ఆగింది. కూతురి భుజాల వైపు చూసింది. “ఈమధ్య నువ్వు స్నానం చేసి తిన్నగా స్వెటర్ తొడుక్కునే బయటికొస్తున్నావ్.”

“చలిగా ఉంది కదా.”

“డిసెంబర్‌లోనూ చలే. అప్పుడు ఆ హార్మోను జెల్లు రాసుకుని, చేతులు ఆరబెట్టుకుంటూ ఈ గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పేదానివి. ఆరేదాకా ముట్టుకోకమ్మా, నీకూ అంటుతుంది అనేదానివి.”

వైశాలి చున్నీ వెతుకుతున్నట్టు కుర్చీ వెనక్కి వంగింది.

“జెల్లు మానేశావా?”

భాస్కరరావు లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. బయట మంచు పేరుకుని ఉంది. కోటు లేకుండా వెళ్ళి తలుపు దగ్గరగా లాగాడు.

“వైశూ, నిన్నే.”

“మానేశాను.”

“ఎప్పుడు?”

“జనవరిలో.”

“ఎవర్నడిగి?”

“నీ కిడ్నీ అమ్మా అది!” వైశాలి గొంతు ఒక్కసారిగా లేచింది. “జెల్లు మొదలెట్టిన తర్వాతే కదా లెవెల్ పెరిగింది, చేతులు వణికాయి? చెంచా పట్టుకోలేకపోతుంటే నువ్వే కదా ముందు చూసింది? మాత్ర తగ్గించారు, సర్దుకుంది, నిజమే. కానీ ఎప్పుడూ భయమే. నా ఇష్టం కోసం నీ కిడ్నీ పాడుచేస్తే నీ మొహం ఎలా చూడాలి?”

“నా కిడ్నీ ఏంటే?” గిరిజ అట్లకాడ గట్టుమీద పెట్టేసింది. “ఇచ్చేసినదాన్ని ఎవరైనా మళ్ళీ నాదంటారా? పెళ్ళిలో పెట్టిన చీర ఎలా కట్టుకుంటున్నారో చూడ్డానికి ఇంటింటికీ తిరుగుతామా?”

“చీర కాదు కదా.”

“నాకు రెండూ ఒకటే. ఇచ్చినప్పుడు సంతోషంగా ఇచ్చాను. దానికి నువ్వు కాపలా ఉండాలని ఇవ్వలేదు.”

“నీకు అసలు ఆ జెల్లు ఇష్టమే లేదు!”

“లేదు. నువ్వు వాడటం అప్పుడు ఇష్టం లేదు. నువ్వు మానెయ్యడం ఇప్పుడు ఇష్టం లేదు. రెండుసార్లూ చెప్పే హక్కు నాకుంది.” గిరిజ కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయలేవీ తరగకపోయినా. “జనవరి నుంచీ నీ మొహం చూస్తూనే ఉన్నాను. ఆఫీసు పని ఎక్కువైందేమో అనుకున్నాను. కెమెరా ఆపేసి మీటింగుల్లో కూర్చుంటుంటే ఇంటర్నెట్ బాగోలేదేమో అనుకున్నాను. నడు. నేనూ వస్తున్నాను.”

“నిన్ను లోపలికి రానివ్వరమ్మా. కరోనా రూల్సు. పేషెంటు ఒక్కరే.”

“బయట నిలబడతాను. బయటికి కూడా రూల్సున్నాయా?”

*

బస్సు జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ వీధుల్లో మెల్లగా సాగుతోంది. అందరి మొహాలకీ తెల్లటి మాస్కులు. తల్లీకూతుళ్ళ మధ్య ఒక సీటు ఖాళీగా వదిలారు.  దిగే చోటు రాగానే గిరిజ ముందే లేచి బటన్ నొక్కింది. ఏడాదిగా ఈ దారి ఆమెకు కంఠతా వచ్చేసింది. కూతుర్ని చూసిపోదామని వచ్చి, విమానాలు ఆగిపోయి, వీసా పొడిగించుకుంటూ ఇక్కడే చిక్కుకున్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ.

ఆస్పత్రి గుమ్మంలోనే గిరిజను ఆపేశారు. ఆమె సైకిళ్ళు పెట్టే షెడ్డు కిందకు వెళ్ళి నిలబడింది. వైశాలి రక్తం ఇచ్చి, డాక్టర్ గదిలో కూర్చున్నాక, తల్లికి వీడియో కాల్ చేసి ఫోను బల్ల మీద నిలబెట్టింది.

“అమ్మ కూడా వింటుందట, పర్వాలేదా?” అని జర్మన్‌లో అడిగింది.

డాక్టర్ లెమ్‌కె ఫోను తెరమీద మంకీ క్యాప్, మాస్కు, మధ్యలో రెండు కళ్ళు చూసి చెయ్యి ఊపింది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. మాస్కు వెనక నవ్వు కళ్ళలో తెలిసింది.

“కిడ్నీ ఇచ్చినావిడ,” అంది. “వినాల్సిందే.”

వైశాలి ఇంక దాచలేదు. జెల్లు మానేసిన సంగతి చెప్పింది. డాక్టర్ పాత రిపోర్టుల్లో జనవరిది వెతికి చూసింది. అరిస్తే బాగుండేదనిపించింది వైశాలికి.

“నాకు చెప్పి ఉండాల్సింది,” అంది చివరికి. “మానినందుకు కాదు. చెప్పకుండా మానినందుకు.”

“ఏమంటోంది? ఏమంటోంది?” ఫోనులోంచి గిరిజ.

“తిడుతోందమ్మా.”

“తిట్టమను. ఎందుకు తగ్గిందో కూడా అడుగు.”

డాక్టర్ ఓపిగ్గా చెప్పింది. వైశాలి వాక్యం వాక్యం తెలుగులోకి తెచ్చింది.

“మనం మింగిన మందుల్ని లివరు కొంచెం కొంచెం విరగ్గొట్టి బయటికి పంపిస్తుందట. ఈ హార్మోను ఆ పనిని నిదానం చేసి ఉండొచ్చట. అందుకని కిడ్నీ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలబడింది, లెవెల్ పెరిగింది. అప్పుడు మాత్ర తగ్గించారు కదా? ఇప్పుడు నేను జెల్లు మానేసరికి లివరు మళ్ళీ పాత జోరందుకుంది. మాత్ర మాత్రం తగ్గించిందే వేసుకుంటున్నాను. అది తొందరగా బయటికెళ్ళిపోతోంది. కిడ్నీకి కావలసినంత అండ లేకుండా పోయింది.”

“ఉండొచ్చు అందా? అంటే ఆవిడకీ ఖాయంగా తెలీదా?”

వైశాలి అడిగింది. డాక్టర్ తల ఊపింది.

“తెలీదట. నాలాంటి వాళ్ళ మీద ఇలాంటివి సరిగ్గా ఎవరూ పరిశోధన చెయ్యలేదట. కిడ్నీ మార్చుకున్నవాళ్ళయితే మరీ తక్కువట. ఒక్కొక్కళ్ళలో ఒక్కోలా ఉంటుంది, కొందరిలో ఏ తేడా రాకపోనూవచ్చు. నా విషయంలో మొదలెట్టినప్పుడు పెరిగి, మానినప్పుడు తగ్గింది కాబట్టి అదే కారణమని అనుకోవచ్చట. రక్తం చూసుకుంటూ పోవడమే దారట.”

“తెలీదని చెప్పిందంటే మంచి డాక్టరే,” అంది గిరిజ. ఆమె వెనక ఎవరో సైకిలు తాళం తీస్తున్నారు. “ఇంకోటి అడుగు. ఆ జెల్లు వల్ల కిడ్నీ పాడవుతుందా? నీ మాటలు కలపకుండా అడుగు.”

ప్రశ్న విని డాక్టర్ వైశాలి వైపు కాకుండా ఫోను వైపే చూసి, మెల్లగా, విడివిడిగా ఇంగ్లీషులో జవాబు చెప్పింది. జెల్లు కిడ్నీకి శత్రువు కాదు. అలా అనిపించి ఉంటే మొదట్లోనే ఒప్పుకునేదాన్ని కాదు. రెండు మందులూ ఒకే ఒంట్లో ఉండొచ్చు, రక్తం మీద కన్నేసి ఉంచితే చాలు. ఏదైనా మొదలుపెట్టినా, మానినా నాకు తెలియాలి.

గిరిజకు మూడొంతులు అర్థమైంది. మిగిలింది కూతురి మొహంలో చూసుకుంది.

ఆ రోజు నుంచే మాత్ర పెంచారు. కిడ్నీ పనితీరు చెప్పే అంకె కొద్దిగా చెడింది, కానీ ఆస్పత్రిలో చేరాల్సినంత కాదు. ఇంకో రక్తపరీక్షకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఇచ్చారు. “జెల్లు మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది లెవెల్ సర్దుకున్నాక మాట్లాడుకుందాం,” అంది డాక్టర్. “ఈలోగా నీకేం కావాలో ఆలోచించుకో. ఎవరేమంటారో కాదు.”

బయటికి వచ్చేసరికి గిరిజ కాళ్ళు నేలకేసి తాటిస్తూ నిలబడి ఉంది. బూట్ల నిండా మంచు.

“వైశూ,” అంది బస్ స్టాపులో. “నీ అంతట నువ్వే మానేశావా?”

వైశాలి బస్సు వచ్చే వైపు చూసింది. “అదిగో బస్సు,” అంది. 

*

ఇంట్లో చారు కాగిన వాసన గుమ్మం దాకా వస్తోంది. భాస్కరరావు అన్నం వండి, చారు పెట్టి, అప్పడాలు కూడా వేయించాడు. మూడు కంచాలు సర్దాడు. ఎవరూ అడగకుండా ఆయన వంటింట్లోకి వెళ్ళాడంటే ఏదో ఉందని గిరిజకు తెలుసు.

కూతురు చేతులు కడుక్కుని వచ్చి తండ్రికి అంతా చెప్పింది. ఆయన చారు గిన్నె వైపే చూస్తూ విన్నాడు.

“అంటే కిడ్నీకి ఇబ్బంది వచ్చింది జెల్లు వల్ల కాదు. మానెయ్యడం వల్ల,” అన్నాడు.

“చెప్పకుండా మానెయ్యడం వల్ల నాన్నా.”

ఆయన గరిటె కింద పెట్టాడు.

“గిరిజా, నేనే మానెయ్యమన్నాను.”

గిరిజ కూర్చోబోయి ఆగింది.

“జనవరిలో అడవిలోకి నడవడానికి వెళ్ళాం కదా ఇద్దరం. అప్పుడు అడిగాను. కొన్నాళ్ళు ఆపమ్మా, అమ్మకి చెప్పకు అన్నాను.”

“మీరా?”

ఆ ఒక్క మాటే అంది. వైశాలి తనకు కొత్త పేరు పెట్టుకున్ననాడు మొదటిసారి నోరారా ‘వైశూ’ అని పిలిచింది భాస్కరరావే. గిరిజ అన్నం మానేసి గది తలుపేసుకుంటే, తలుపవతల నుంచి నచ్చజెప్పిందీ ఆయనే. ఊళ్ళో బంధువులు ఫోన్లు చేస్తే ఎత్తి, “మా అమ్మాయి బాగానే ఉంది” అని చెప్పి పెట్టేసిందీ ఆయనే. ఈ ఇంట్లో ఒప్పుకున్నవాడు ఆయన, ఒప్పుకోనిది ఆవిడ. అందరికీ అలాగే తెలుసు.

గిరిజ కుర్చీని బల్ల కిందికి నెట్టేసింది. 

“నేను దాన్ని తిట్టాను,” అంది. “అలిగాను. నా కడుపున పుట్టింది కొడుకే అని నెలల తరబడి వాదించాను. కానీ దాని మందు మానెయ్యమని ఏనాడూ అనలేదు. చాటుగా అసలు అనలేదు.”

“తప్పే.”

“తప్పే అంటే సరిపోతుందా?”

“సరిపోదు.” భాస్కరరావు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. “నీకు తెలీదు గిరిజా. నీకు మత్తిచ్చారు, దీనికీ మత్తిచ్చారు. రెండు స్ట్రెచర్లు. ఒకదాని వెనక ఒకటి లోపలికి తీసుకుపోయి తలుపేశారు. మెలకువగా ఉన్నది నేనొక్కణ్ణే. ఆ బెంచీ మీద కూర్చుని, ఒకళ్ళు బయటికొచ్చి ఇంకొకళ్ళు రాకపోతే ఏం చెయ్యాలా అని ఆలోచించాను. ఎవరు రావాలని దండం పెట్టుకోవాలో కూడా తెలీలేదు. దీని చేతులు వణకడం చూసినప్పుడు మళ్ళీ ఆ బెంచీ మీదే కూర్చున్నట్టయింది. ఇంకోసారి నావల్ల కాదనిపించింది. అంతే. దీని మీద కోపం కాదు.”

“నాన్న నన్ను బెదిరించలేదమ్మా,” అంది వైశాలి. “బతిమాలాడు. బెదిరించి ఉంటే మానేదాన్నే కాదు.”

గిరిజ కుర్చీ లాక్కుని కూర్చుంది. వైశాలి ముగ్గురికీ అన్నం, చారు వడ్డించింది. చారు మీద పొగ తగ్గిపోయింది.

“భయమేస్తే నాకు చెప్పాలి,” అంది గిరిజ. “ఇంత వయసొచ్చి, కూతురికి చెప్పి ఏడుస్తారా ఎవరైనా? అది నెలరోజులు మీ భయం కూడా మోసింది.”

భాస్కరరావు తల ఊపాడు. గిరిజ పళ్ళెంలోంచి అప్పడం తీసి ఆయన కంచంలో వేసింది, కొంచెం విసురుగానే. అది విరిగి సగం బల్ల మీద పడింది. ఆయన ఏరుకుని తిన్నాడు.

“ఉప్పు లేదు చారులో,” అంది కాసేపాగి.

“వేశాను.”

“వెయ్యలేదు.”

వైశాలి లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.

*

తర్వాతి రక్తపరీక్షకు కూతురితో భాస్కరరావే వెళ్ళాడు. సైకిళ్ళ షెడ్డు కింద నిలబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, డాక్టర్ మాట్లాడిన ప్రతి ముక్కా రెండోసారి చెప్పించుకున్నాడు. లెవెల్ కావలసిన చోటికి వచ్చింది. చెడిన అంకె కూడా వెనక్కి తిరిగింది.

“జెల్లు మళ్ళీ మొదలుపెడతానంది మా అమ్మాయి,” అన్నాడు ఆయన తనకొచ్చిన ఇంగ్లీషులో. “మాత్ర ఎప్పుడు తగ్గిస్తారు?”

“తొందరపడను,” అంది డాక్టర్. “ముందు తక్కువ మోతాదులో జెల్లు. వారం వారం రక్తం. లెవెల్ పెరగడం మొదలైతేనే మాత్ర తగ్గిస్తాను. రెండు నెలలైనా పట్టొచ్చు. ఈ మాత్ర రోగనిరోధకశక్తిని తగ్గిస్తుంది కాబట్టి అన్నాళ్ళూ జనంలోకి వెళ్ళకుండా చూసుకోవాలి, టీకా వచ్చేదాకా మరీను.”

శనివారం పొద్దున వైశాలి గుమ్మంలో నిలబడి, చేతులు ఆరబెట్టుకుంటూ, ఆఫీసులో ఎవరో మైకు ఆపడం మర్చిపోయి పెళ్ళాంతో దెబ్బలాడిన సంగతి చెబుతోంది. గిరిజ పకపకా నవ్వుతూ దోసెలు పోస్తోంది. దోసెలన్నీ బాగానే వస్తున్నాయి. కిటికీలోంచి పలచటి ఎండ గట్టు మీద పడుతోంది.

అప్పుడే ఫోనులో విమాన టికెట్ల మెసేజి వచ్చింది. మార్చి మొదటి వారంలో, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, ఇద్దరికీ సీట్లు ఖాయమయ్యాయి. నెలల తరబడి ఎదురుచూసిన సీట్లు. ఇండియాలో అరవై దాటినవాళ్ళకు టీకాలు మొదలవుతున్నాయి. ఇక్కడ గిరిజకు వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఉన్న ఒక్క కిడ్నీతో ఆమె ఎంత తొందరగా టీకా వేయించుకుంటే అంత మంచిది.

నవ్వు ఆగిపోయింది.

“సరుకులు ఎవరు తెస్తారు దీనికి?” అంది గిరిజ మెల్లగా. “వారం వారం ఆస్పత్రికి తోడెవరు?”

“నేను చూసుకోగలనమ్మా. మీరొచ్చే ముందు చూసుకోలేదా?”

“అప్పుడు కరోనా లేదు.”

భాస్కరరావు ట్యాబ్ పక్కన పెట్టాడు. ఈసారి ఎక్కువసేపు వినలేదు.

“నువ్వెళ్ళు గిరిజా. టీకా ముందు నీకు కావాలి. మీ తమ్ముడు ఎయిర్‌పోర్టుకొస్తాడు. నా వీసా ఇంకో మూణ్ణెల్లు పొడిగిస్తారేమో టెర్మిన్ తీసుకుని అడుగుతాను. నేనుంటాను.” కూతురి వైపు తిరిగాడు. “నీకు ఇబ్బందేనేమో. నేను చేసినదానికి.”

వైశాలి ఆరిన చేతులకు స్వెటర్ తొడుక్కుని వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. 

“ఉండు నాన్నా,” అంది. “కానీ భయమేస్తే అడవిలోకి తీసుకెళ్ళి చెప్పకు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, అమ్మ ఫోనులో ఉండగా చెప్పు.”

“అలాగే.”

“డాక్టర్ని అడగాల్సింది డాక్టర్నే అడుగు.”

“అలాగేనమ్మా.”

తండ్రీకూతుళ్ళిద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, టికెట్లలో ఒకదాన్ని ఎలా రద్దు చెయ్యాలో ఫోనులో వెతకడం మొదలుపెట్టారు. స్టవ్ దగ్గర గిరిజ ఆఖరి దోసె తీసి, మంట ఆపి, చేతులు తుడుచుకుని వాళ్ళ ఎదుటికి వచ్చి నిలబడింది.

“ఎవరు వెళ్ళాలో, ఎవరు ఉండాలో మీరిద్దరే తేల్చేశారే,” అంది. “నన్నెవరడిగారు?”